సవరను: జెద్దా బజారు నుండి మన ఇంటి పెట్టె వరకు

మన ఇండ్లలో బంగారమును కొలుచుటకు వాడు మాటలలో రెండు ముఖ్యమైనవి: కాసు, సవరను. తెలుగు చదువుట, వ్రాయుట మరుగుపడిన కుటుంబములలో సైతము ఈ రెండు మాటలు అవ్వల నోట నిలిచియుండుట మేము ఎరుగుదుము. సవరను అనునది ‘సావరిన్’ అను ఇంగ్లండు బంగారు నాణెము పేరు మన నాలుకకు అనువుగా మారిన రూపము. ఆ నాణెము బరువు ఎనిమిది గ్రాములకు రవ్వంత తక్కువ. కోస్తా ఆంధ్రలో నేడు కాసు బంగారము అనినను ఎనిమిది గ్రాములే. అనగా మనకు తెలియకుండగనే ఒక బ్రిటిషు నాణెము మన కొలతలలో నిలిచిపోయినది.

మాట నిలిచినది గాని నాణెములు నిలుచుట లేదు. బంగారము ధర పెరిగిన ప్రతి పర్యాయము ఏదో ఒక ఇంటి పెట్టెలోని పాత సవరను కంసాలి మూసలోనికి పోవుచున్నది. మూస అనగా లోహమును కరగించు పాత్ర. కరగిన బంగారమునకు బరువు ఉండును; తేదీ ఉండదు, టంకశాల గుర్తు ఉండదు, అది ఎవరి కష్టార్జితమో చెప్పు ఆధారము ఉండదు. కావున బ్రిటిషు నాణెములను సేకరించుట, వాటికి వెలకట్టుట, వాటిని భద్రపరచుట అను మూడు పనులను ఈ వ్యాసమున క్రమముగా వివరించుచున్నాము.

ఇందుకు సౌదీ అరేబియాను మేము ఆధారముగా తీసుకొనుటకు రెండు కారణములు కలవు. ఒకటి, బ్రిటిషు సవరను ఒక రాజ్యపు ఆర్థిక జీవితములో ఎంత దూరము ప్రయాణించినదో ఆ దేశ చరిత్ర స్పష్టముగా చూపును. రెండు, గోదావరి జిల్లాల నుండి, కడప నుండి, కరీంనగరు, నిజామాబాదు ప్రాంతముల నుండి వెళ్ళిన తెలుగువారు ఎందరో నేడు జెద్దా, రియాద్, దమ్మాం నగరములలో పని చేయుచున్నారు. బంగారపు అంగడికి పోని వారు వారిలో అరుదు.

మన పెద్దల చేతిలోని డబ్బు

ముందుగా మన పూర్వులు ఎరిగిన డబ్బును తెలిసికొందము. 1971 ఫిబ్రవరి 15 వరకు బ్రిటిషు లెక్క ఇట్లుండెడిది: 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌను. బంగారు సవరను విలువ ఒక పౌను. అర సవరను విలువ పది షిల్లింగులు.

1860 నవంబరు 16న మద్రాసు నుండి వచ్చిన ట్రూరో అను ఓడ నాటాల్ లోని డర్బను రేవు చేరినది. ఒప్పంద కూలీలకు మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, పిమ్మట ఏడాదికొక షిల్లింగు పెంపు అని నియమము. కూలి చేతికి వచ్చినది చాల వరకు వెండి షిల్లింగులే గాని, లెక్కకు అది నెలకు అర సవరను. 1895 నాటి నాటాల్ చట్టము, ఒప్పందము ముగిసిన తరువాత ఇండియాకు తిరిగి పోకయు, మరల ఒప్పందమునకు లోబడకయు నిలిచిన వారిపై ఏడాదికి మూడు పౌనుల పన్ను విధించినది. మూడు పౌనులనగా మూడు సవరనులు, అరువది షిల్లింగులు. మొదటి ఏటి కూలి లెక్కన అది ఆరు నెలల సంపాదన. 1913 నాటి సమ్మె తరువాత, 1914లో ఆ పన్ను రద్దయినది. నేడు మూడు సవరనులను అరచేతిలో పెట్టుకొని చూచినవారికి ఆ పన్ను బరువు అంకెలలో కంటె స్పష్టముగా తెలియును.

ఫిజీలో పురుషునికి దినమునకు ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు కూలిగా నిర్ణయించిరి. మారిషస్‌లో 1876 నుండి రూపాయి లెక్క వచ్చినది. కావున నాటాల్, ఫిజీ కుటుంబముల పెట్టెలలో షిల్లింగులు, మారిషస్ పెట్టెలలో రూపాయలు ఎక్కువగా దొరకుట సహజము. పెట్టెలో ఏ నాణెము ఉన్నదో చూచినచో కుటుంబము ఏ దారిన వచ్చినదో కొంత ఊహింపవచ్చును.

అరబ్బు దేశమునకు సవరను వచ్చిన దారి

మక్కా, మదీనా నగరములున్న పశ్చిమ భాగమునకు హిజాజ్ అని పేరు. దాని రేవు పట్టణము జెద్దా. బొంబాయి నుండి, జావా నుండి, ఈజిప్టు నుండి యాత్రికులు ఓడలలో జెద్దాకు చేరెడివారు. వారితో వారి నాణెములును దిగెడివి. ఇండియా రూపాయలు, ఆస్ట్రియా దేశపు మరియా థెరిసా వెండి నాణెములు, తురుష్కుల నాణెములు, బ్రిటిషు సవరనులు ఒకే బజారులో చెల్లెడివి. వాటిని పరీక్షించి మార్చు వ్యాపారిని అరబ్బీలో ‘సర్రాఫ్’ అందురు. మన ‘షరాబు’ అను మాట అక్కడి నుండి వచ్చినదే. జెద్దా పాత బజారులోని మారకపు వ్యాపారికిని, మన ఊరి బంగారు కొట్టు షరాబుకును పేరు ఒక్కటే.

మొదటి ప్రపంచ యుద్ధ కాలమున, 1916 జూనులో మక్కా పాలకుడు షరీఫ్ హుస్సేన్ తురుష్కులపై తిరుగుబాటు చేసెను. బ్రిటిషు ప్రభుత్వము ఆ తిరుగుబాటుకు సాయముగా బంగారు సవరనులను ఎర్ర సముద్రపు రేవులకు పంపినది. ఎడారి తెగల వారికి కాగితపు నోటుపై నమ్మకము లేదు. చేతికి బరువు తగులు బంగారమునే వారు కోరిరి. సవరను వెనుక వైపున గుఱ్ఱమునెక్కి సర్పమును చంపుచున్న సెయింట్ జార్జి బొమ్మ ఉండును. అందుచేత బ్రిటిషు వారు పరదేశములకు పంచు బంగారమును ‘సెయింట్ జార్జి అశ్వదళము’ అని హాస్యముగా చెప్పుకొనెడివారు.

1925 చివర ఇబ్న్ సౌద్ జెద్దాను గెలిచెను. 1928లో ఆయన కొత్త వెండి రియాలును ప్రవేశపెట్టి, పది రియాలులు ఒక బంగారు సవరనుకు సమానమని నిర్ణయించెను. అనగా కొత్త రాజ్యపు నాణెమునకు బ్రిటిషు సవరను తూకపు రాయి అయినది. 1935లో రియాలును చిన్నది చేసినపుడు దాని బరువును, వెండి శాతమును ఇండియా రూపాయికి సమానముగా ఉంచిరి. యాత్రికుల రూపాయికి ఆ బజారులో ఎంతటి స్థానమున్నదో దీనివలన తెలియును.

సవరను చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైన ఘట్టము 1933 నాటిది. ఆ ఏడు మే 29న జెద్దాలో సౌదీ ఆర్థికమంత్రి అబ్దుల్లా సులైమాన్, కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ ప్రతినిధి లాయిడ్ హామిల్టన్ చమురు ఒప్పందముపై సంతకములు చేసిరి. కంపెనీ ముందుగా 30,000 పౌనులు అప్పుగాను, 5,000 పౌనులు మొదటి ఏటి అద్దెగాను బంగారము రూపమున చెల్లింపవలెను. అదే ఏడు అమెరికా ప్రభుత్వము బంగారము ఎగుమతిని నిషేధించినందున, ఆ 35,000 సవరనులను లండనులో కొని ఓడలో పంపిరి. ఆగస్టులో జెద్దాలోని డచ్చి బ్యాంకు కార్యాలయమున బల్లపై పోసి వాటిని ఒక్కొక్కటిగా లెక్కించిరి. 35,000 సవరనుల బరువు దాదాపు 280 కిలోలు. తరువాతి కాలమున లోకమును మార్చిన చమురు సంపదకు తొలి కానుక ఈ బంగారమే.

ఆ నాణెములన్నియు రాజుల బొమ్మ ఉన్నవే కావలెనని, విక్టోరియా రాణి బొమ్మ ఉన్నవైనచో ఆ బజారులో విలువ తగ్గునని కంపెనీవారు భయపడి ఏరి పంపిరని చెప్పుదురు. బంగారము ఒక్కటే, బరువు ఒక్కటే. అయినను బొమ్మ మారినచో కొనువాని మనస్సు మారును. వెలకట్టుటను గూర్చిన మొదటి పాఠము ఇదే.

రెండవ ప్రపంచ యుద్ధ కాలమున సవరనులు చాలినన్ని దొరకలేదు. చమురు కంపెనీ సౌదీ ప్రభుత్వమునకు బంగారమే చెల్లింపవలసి యుండినందున, అమెరికాలోని ఫిలడెల్ఫియా టంకశాల 1945లో నాలుగు సవరనుల బరువు గల బంగారు బిళ్ళలను, 1947లో ఒక సవరను బరువు గల బిళ్ళలను ముద్రించినది. మొదటివి 90,000కు పైగా, రెండవవి 1,20,000కు పైగా తయారైనవి. వాటిలో అధిక భాగము పిమ్మట కరగిపోయినది. మిగిలినవి నేడు సేకరించువారికి అపురూపములు. 1952లో సౌదీ ద్రవ్యసంస్థ స్థాపింపబడినది. అదే ఏడు సవరనుకు సమానమైన బరువు, నాణ్యత గల సౌదీ బంగారు నాణెము వెలువడినది. దానిపై హిజ్రీ సంవత్సరము 1370 అని ఉండును. దాని విలువ 40 రియాలులు. కొలదికాలములోనే దానికి నకిలీలు రాగా ప్రభుత్వము దానిని చెలామణి నుండి తొలగించినది. 1961లో కాగితపు రియాలులు వచ్చినవి. అంతటితో సవరను సంత నుండి తప్పుకొని నగల పెట్టెలోనికి చేరినది.

నాణెమును చదువుట

నాణెమునకు రెండు ముఖములు: రాజు లేదా రాణి తల ఉన్నది బొమ్మ, వెనుక వైపుది బొరుసు. పిల్లలు ఎగురవేసి ఆడు బొమ్మా బొరుసు ఆటలోని మాటలే ఇవి. నాణెములు ముద్రించు స్థలమును టంకశాల అందురు.

నేటి రూపములోని సవరను 1817లో మొదలైనది. దాని లక్షణములు మారలేదు: బరువు 7.988 గ్రాములు, వ్యాసము 22.05 మిల్లీమీటర్లు; మందము 1.52 మిల్లీమీటర్లు, నాణ్యత 22 క్యారట్లు. అనగా 24 పాళ్ళలో 22 పాళ్ళు బంగారము, మిగిలినది రాగి మొదలగు లోహము. అందలి స్వచ్ఛమైన బంగారము 7.322 గ్రాములు. బొరుసుపై ఉన్న సెయింట్ జార్జి బొమ్మను చెక్కినవాడు బెనెడెట్టో పిస్త్రూచ్చి అను ఇటలీ శిల్పి. కొన్ని విక్టోరియా సవరనులపై ఈ బొమ్మకు బదులు డాలు ముద్ర ఉండును.

సవరనులు లండనులో మాత్రమే తయారు కాలేదు. సిడ్నీకి ‘ఎస్’, మెల్‌బోర్నుకు ‘ఎమ్’, పెర్తుకు ‘పి’, కెనడాలోని అట్టావాకు ‘సి’, బొంబాయికి ‘ఐ’, దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాకు ‘ఎస్ఏ’ అను అక్షరములు గుర్తులు. ఈ గుర్తు సాధారణముగా బొరుసుపై తేదీకి పైన, గుఱ్ఱము కాళ్ళ క్రింది నేలగీత నడుమ మిక్కిలి చిన్నదిగా ఉండును. విక్టోరియా యువతిగా ఉన్న నాణెములపై తల క్రిందను, డాలు ముద్ర గలవానిపై డాలు క్రిందను వెదకవలెను. లండను నాణెములకు అక్షరము లేదు.

వీటిలో రెండు మనకు ప్రత్యేకములు. బొంబాయి టంకశాలలో సవరనులు 1918 అను ఒక్క తేదీతో మాత్రమే ముద్రింపబడినవి. ప్రిటోరియా సవరనులు 1923 నుండి 1932 వరకు వెలువడినవి. ఒకటి మన పూర్వులు విడిచి వచ్చిన దేశమున, మరియొకటి మనవారిలో అనేకులు స్థిరపడిన దేశమున ముద్రింపబడినవి. సేకరణ ప్రారంభించువారు ఈ రెంటినీ ప్రక్కప్రక్కన చేర్చగలిగినచో అదియే ఒక చిన్న వలస చరిత్ర అగును.

సౌదీలో సేకరించుట

సౌదీ బంగారపు అంగళ్ళలో సవరనును ‘జినీహ్’ అందురు. ‘గినీ’ అను ఇంగ్లండు పాత నాణెము పేరు నుండి ఇది వచ్చినది. అయిదవ జార్జి బొమ్మ గలదానిని ‘జినీహ్ జార్జ్’ అని అడుగుదురు. గొలుసునకు వ్రేలాడదీసి, కంఠహారముగా కూర్చి స్త్రీలు దీనిని ధరింతురు. మన కాసులపేరును ఎరిగిన కంటికి ఇది క్రొత్త కాదు.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. అంగడిలో జినీహ్ అని అమ్మునవన్నియు బ్రిటిషు టంకశాల సవరనులు కావు. నగల తయారీదారులు సవరను పోలికతో ఎనిమిది గ్రాముల బిళ్ళలను 21 క్యారట్ల బంగారముతో చేయుదురు. అవి మోసము కావు, నగలుగా మంచివే. కాని అవి నాణెములు కావు. మన కాసులును అంతే. కాసులపేరులోని కాసుపై లక్ష్మీదేవి ఉన్నను, రాజు తల ఉన్నను, అది కంసాలి చేసినదైనచో నగ యగును గాని నాణెము కాదు. కొనునపుడు ‘ఇది నాణెమా, బిళ్ళయా?’ అని అడిగి, సమాధానమును రసీదుపై బరువు, క్యారట్లు, తేదీలతో వ్రాయించుకొనవలెను.

అనుమతి గల దుకాణమున మాత్రమే కొనవలెను. పాత కోటల వద్ద, ఎడారిలో త్రవ్వి తీసితిమని చెప్పి ఎవరైన నాణెములు చూపినచో ముట్టరాదు. అక్కడి పురావస్తు చట్టము ప్రకారము అనుమతి లేని త్రవ్వకము నేరము. దేశము విడుచునపుడు, స్వదేశమున దిగునపుడు బంగారమును గూర్చిన ప్రకటన, సుంకముల నియమములు రెండు వైపుల నుండును. అవి తరచు మారును గనుక ప్రయాణమునకు ముందే అధికారిక ప్రకటనలు చూచుకొనవలెను. రసీదు దగ్గర ఉన్నవానికి విమానాశ్రయమున మాట తేలిక.

సేకరణ ఎక్కువ ధనము గలవారికే అని తలపనక్కర లేదు. ఒక్కొక్క టంకశాలకు ఒక్కొక్క సవరను అను నియమము పెట్టుకొనవచ్చును. అదియు బరువైనచో వెండి షిల్లింగులు, రాగి పెన్నీలు కలవు. పూర్వుడు ఓడ దిగిన సంవత్సరపు పెన్నీ ఒకటి సంపాదించి దాచుకొనుటయు సేకరణమే.

అసలు, నకలు

‘అసలు’, ‘నకలు’ అను మన మాటలు రెండును అరబ్బీ నుండి వచ్చినవే. సవరను విషయమున ఈ భేదము మిక్కిలి ముఖ్యము. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత ఇటలీ, లెబనాను మొదలగు చోట్ల నకిలీ సవరనులు విరివిగా తయారైనవి. వాటిలో చాలవరకు నిజమైన బంగారముతోనే చేసినవి! సవరనుకు అందలి బంగారము కంటె ఎక్కువ ధర పలుకుచుండుటచే ఆ తేడాయే దొంగ ముద్రకులకు లాభమైనది. అట్టి నాణెములు మధ్యప్రాచ్యపు బజారులకు చేరినవి. బ్రిటిషు టంకశాల 1957లో సవరనుల ముద్రణను మరల ప్రారంభించుటకు ఈ నకిలీలును ఒక కారణము.

ఇంటి వద్ద చేయదగిన పరీక్షలు నాలుగు.

మొదటిది తూకము. రెండు దశాంశ స్థానములు చూపు చిన్న త్రాసు చాలును. అరిగిన సవరను కొంచెము తగ్గవచ్చును, 7.94 గ్రాముల కంటె తగ్గినచో పూర్వము దానిని చెలామణికి అంగీకరించెడివారు కారు.

రెండవది కొలత. వ్యాసము, మందము పైన చెప్పిన అంకెలకు సరిపోవలెను. బరువు సరిపోయి మందము ఎక్కువైనచో లోహము బంగారము కంటె తేలికైనదని అర్థము.

మూడవది నీటి పరీక్ష. త్రాసుపై నీటి గిన్నె నుంచి అంకెను సున్న చేసి, నాణెమును దారముతో కట్టి, అడుగునకు తగులకుండ నీట ముంచవలెను. అపుడు త్రాసు ఇంచుమించు 0.45 గ్రాము చూపవలెను. అంతకంటె బాగుగా ఎక్కువ చూపినచో అనుమానింపవలెను.

నాలుగవది కంటి పరీక్ష. పది రెట్లు పెద్దదిగా చూపు భూతద్దముతో అక్షరముల అంచులను చూడవలెను. అసలు నాణెముపై అవి పదునుగా ఉండును. పోత పోసిన నకలుపై మెత్తబడి, చిన్న గుంటలతో ఉండును. తేదీని, టంకశాల గుర్తును జతపరచి చూడవలెను. ఉదాహరణకు 1917 తేదీతో ఏ అక్షరమును లేని లండను సవరను మిక్కిలి అరుదు; అదే తేదీతో ఆస్ట్రేలియా గుర్తులున్నవి సులభముగా దొరకును. కావున అక్షరము లేని 1917 నాణెము చౌకగా దొరికినచో ఆనందమునకు ముందు సందేహము రావలెను. మరియు 1925 తేదీ గల లండను నాణెములలో కొన్ని నిజమునకు 1949 నుండి 1952 వరకు పాత అచ్చులతో ముద్రించినవి. అవి నకిలీలు కావు, టంకశాలవే.

వెలకట్టుట

ఒక నాణెమునకు మూడు విలువలు కలవు. వాటిని వేరుచేసి చూడనివాడు మోసపోవును.

మొదటిది లోహపు విలువ. దీనికి లెక్క సులభము: ఆనాటి 24 క్యారట్ల గ్రాము ధరను 7.322తో గుణింపవలెను. గ్రాము 400 రియాలులని అనుకొందము; అపుడు సవరనులోని బంగారము విలువ దాదాపు 2,929 రియాలులు. అర సవరనుకు ఇందులో సగము. ఈ లెక్క వచ్చినవానిని దుకాణదారుడు తక్కువ ధర చెప్పి తొందరపెట్టలేడు.

రెండవది సేకర్తల విలువ. ఇది తేదీ, టంకశాల, అరుదుతనము, స్థితి అను నాలుగింటిపై ఆధారపడును. స్థితి అనగా అరుగుదల. సెయింట్ జార్జి శిరస్త్రాణము, గుఱ్ఱపు మెడ, రాజు గడ్డము, చెవిపై వెండ్రుకలు మొదట అరుగు చోట్లు. అవి స్పష్టముగా ఉన్నచో స్థితి మంచిది. సామాన్యమైన తేదీ గల అరిగిన సవరను లోహపు విలువకు కొంచెము ఎక్కువగా మాత్రమే పలుకును. అరుదైనది అనేక రెట్లు పలుకవచ్చును. నగగా ధరించుటకు నాణెమునకు కొక్కెము అతికించినను, రంధ్రము చేసినను ఈ రెండవ విలువ చాలవరకు పోవును; లోహపు విలువ మాత్రము మిగులును. అయినను అతికించిన కొక్కెమును ఊడదీయింపరాదు. మచ్చ ఎట్లును మిగులును. పైగా ఆ కొక్కెమే మన అవ్వ ధరించినదనుటకు సాక్ష్యము.

మూడవది కుటుంబపు విలువ. దీనికి అంగడిలో ధర లేదు. అయినను ఇది కాగితముపై లేనిచో ఒక తరములో నశించును.

వెండి నాణెముల విషయమున తేదీయే తాళపు చెవి. 1919 వరకు ముద్రించిన బ్రిటిషు వెండి నాణెములలో నూటికి 92.5 పాళ్ళు వెండి. 1920 నుండి 1946 వరకు సగము వెండి. 1947 నుండి వెండి బొత్తిగా లేదు, రాగి నికెలు మిశ్రమము. షిల్లింగు బరువు 5.66 గ్రాములు. కావున 1919కి పూర్వపు షిల్లింగులో 5.2 గ్రాములకు పైగా వెండి ఉండును. 1947 నాటి దానిలో ఏమియు ఉండదు. చూచుటకు రెండును ఒకే తీరుగా తెల్లగా ఉండును.

భద్రపరచుట

అన్నింటికంటె ముందు చెప్పవలసిన మాట ఇది: నాణెమును తోమరాదు. ఇత్తడి పాత్రలను చింతపండుతో, వెండిని విభూతితో తళతళ మెరిపించు అలవాటు మన ఇండ్లలో గౌరవనీయమైనదే. నాణెమునకు మాత్రము అది శత్రువు. తోమిన ప్రతి సారి పై పొర కొంత పోవును. ఆ సన్నని గీతలను చూచినంతనే సేకర్త ధర తగ్గించును. వెండిపై కాలక్రమమున పట్టిన నల్లని ఛాయను అట్లే ఉంచుట మేలు. మట్టి అంటియున్నచో శుభ్రమైన నీటిలో కొంతసేపు ఉంచి, రుద్దకుండ మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టవలెను.

పట్టుకొనునపుడు బొటనవ్రేలు, చూపుడువ్రేలితో అంచులను మాత్రమే పట్టవలెను. క్రింద మెత్తని వస్త్రము పరచుకొనవలెను. బంగారము మెత్తని లోహము, గచ్చుపై పడినచో నొక్కు పడును.

సౌదీలో రెండు రకముల వాతావరణము కలదు. జెద్దా, దమ్మాం సముద్రతీర నగరములు. అక్కడి గాలిలో తేమ, ఉప్పు ఎక్కువ. రియాద్ పొడి ప్రదేశము. అక్కడ దుమ్ము ఎక్కువ. బంగారము తుప్పు పట్టదు గాని అందలి రాగి వలన ఎఱ్ఱని మచ్చలు రావచ్చును. వెండి, రాగి నాణెములకు తేమ మిక్కిలి హాని చేయును. చల్లని ఏసీ గదిలోని పెట్టెను వేడి, తేమ గల గాలిలో తెరచినచో నాణెములపై నీరు పట్టును. కావున పెట్టె గది వేడికి అలవడిన తరువాతనే తెరువవలెను. తేమను పీల్చు సిలికా జెల్ పొట్లములను పెట్టెలో ఉంచి, అప్పుడప్పుడు మార్చవలెను. డర్బను, సువా, పోర్ట్ లూయీ నగరములలోని మన పాఠకులకు జెద్దాకు చెప్పిన జాగ్రత్తలే వర్తించును.

మెత్తని పీవీసీ సంచులు కాలక్రమమున జిగురు కారి నాణెముపై పచ్చని మరక వేయును. వాటికి బదులు నాణెము కొలతకు సరిపోవు గట్టి ప్లాస్టిక్ డబ్బీలు, లేదా ఆమ్లము లేని కాగితపు కవరులు వాడవలెను. రబ్బరు బ్యాండులలో గంధకము ఉండును. అది వెండిని నల్లబరచును. క్రొత్తగా వార్నిషు పూసిన చెక్క పెట్టెయు పనికిరాదు. ఒక డబ్బీలో ఒక్క నాణెమే ఉంచవలెను. రెండు నాణెములు ఒరసికొన్నచో రెండును చెడును.

వ్రాసి ఉంచుట

చివరి పని అన్నింటికంటె చౌకైనది, అన్నింటికంటె ఎక్కువగా విస్మరింపబడుచున్నది. ప్రతి నాణెమునకు ఒక చీటీ వ్రాయవలెను. అందులో తేదీ, బొమ్మపై ఎవరున్నారు, టంకశాల గుర్తు, బరువు, వ్యాసము ఉండవలెను. దాని క్రింద నాణెము ఎవరి వద్ద నుండి ఎవరికి వచ్చినది, ఎవరు చెప్పగా విన్నారు, ఏ సంవత్సరమున వ్రాసితిరి అను వివరములు చేర్చవలెను. తెలిసినదానిని తెలిసినట్లు, విన్నదానిని విన్నట్లు వేరు వేరుగా వ్రాయవలెను. రెండు వైపుల ఛాయాచిత్రములు తీసి, చీటీ నకలును నాణెముతో కాక వేరొక చోట ఉంచవలెను.

వీలైనచో ఆ చీటీని తెలుగులో వ్రాయుడు. ‘ఇది మా తాతమ్మ సవరను. 1911. బొమ్మపై అయిదవ జార్జి. గుర్తు ఎస్. బరువు 7.96 గ్రాములు. మా మేనత్త ఇచ్చినది.’ ఇవి చిన్న వాక్యములు. తెలుగు మరల నేర్చుకొనుచున్నవారు ఎవరైనను వ్రాయగలరు. తాతమ్మ, మేనత్త అను మాటలు అక్కడ కూర్చున్నపుడే ఆ నాణెము వచ్చిన దారి సరిగా తెలియును. ఆంటీ అని వ్రాసినచో ఏ వైపు చుట్టమో మరుసటి తరమునకు తెలియదు.

నాణెములను పంచుకొనవలసి వచ్చినపుడు తగవు రాకుండుటకును ఈ చీటీ ఉపకరించును. ముగ్గురు తోబుట్టువులకు ఒకే సవరను ఉన్నచో కరగించి మూడు ముక్కలు చేయుట మేము విన్న పరిష్కారములలో మిక్కిలి నష్టకరమైనది. ఒకరు నాణెము తీసికొని మిగిలినవారికి లోహపు విలువ లెక్కన సొమ్ము ఇచ్చుట, లేదా ఏడాదికొకరి ఇంట ఉంచుట మేలు. చీటీ నకలు మాత్రము ముగ్గురి వద్దను ఉండవలెను.

అమ్మవలసిన అవసరము ఎవరికైనను రావచ్చును. పిల్లల చదువు, వైద్యము, ఇంటి అప్పు నాణెము కంటె పెద్దవే. బంగారము దాచుకొనునది అందుకే గనుక అమ్మినవారిని తప్పుపట్టవలసిన పని లేదు. అయితే అమ్ముటకు ముందు ఒక పూట ఆగి, భూతద్దముతో తేదీ, గుర్తు చూచి, త్రాసుపై పెట్టి, రెండు వైపుల చిత్రము తీసి, చీటీ వ్రాసి, లోహపు విలువ లెక్కకట్టి, అటు పిమ్మట బజారునకు పోవలెను. అపుడు షరాబు చేతికి నాణెము పోయినను, దాని కథ మన ఇంటనే మిగులును.